బావమరిది వేలు

ఆదివారం పొద్దున్నే తూనికలు కొలతల శాఖ ఇన్‌స్పెక్టరుగారు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఆ రోజు కార్యక్రమాన్ని ఇంటిల్లిపాదికీ వివరించారు. ఇంటిల్లిపాది అంటే ఆయన భార్య ఒక్కతే. ఆవిడ వంటింటి గట్టు తుడుస్తూ విన్నది.

"మూడింటికి వాళ్ళొస్తారు. వచ్చిన దగ్గర్నుంచి వెళ్ళేదాకా ఇంట్లో చెంచా కింద పడ్డ చప్పుడు కూడా రాకూడదు. మిక్సీ వెయ్యొద్దు. నీళ్ళ మోటారు వెయ్యొద్దు. నీ ఫోను ఆపేసి బీరువాలో పెట్టెయ్."

"తుమ్మొస్తే ఏం చెయ్యమంటారు?"

"మేడ మీదికెళ్ళి తుమ్ము."

"మీరు పెట్టే ఆ పాటలో నా తుమ్ము ఎవరికి వినపడుతుందండీ? అందులో ఎవరో ఒకరిని నరుకుతూనే ఉంటారు కదా."

ఇన్‌స్పెక్టరుగారు జాలిగా నవ్వారు. కళ తెలియనివాళ్ళను చూసినప్పుడు ఆయన అలాగే నవ్వుతారు. ఆయన లెక్క ప్రకారం లోకంలో కళ తెలిసినవాళ్ళు ఓ పాతికమంది ఉంటారు. ఆ పాతికమందీ ఇంటర్నెట్లో ఒకే గుంపులో ఉన్నారు. ఆ గుంపుకి పెద్ద ఆయనే.

గుంపు కొలిచేది డెత్ మెటల్ అనే సంగీతాన్ని. చావు, శవాలు, పురుగులు తప్ప మరో విషయం జోలికి పోని సంగీతం అది. పాడేవాడు ఏం పాడుతున్నాడో ఒక్క ముక్క అర్థం కాకూడదు. అర్థమైతే ఆ బ్యాండు చెడిపోయినట్టు లెక్క. ఎంత గొప్ప బ్యాండయినా, వాయించడం సరిగ్గా నేర్చుకోకముందు చేసిన రికార్డింగే అసలు సిసలైనదని ఈ పాతికమంది నమ్మకం. అలాంటి తొలి క్యాసెట్టును డెమో అంటారు. డెమో ఎంత గరుకుగా ఉంటే అంత గొప్ప. ఇంకెవరి దగ్గరా లేకపోతే మరీ గొప్ప.

ముప్పై ఏళ్ళ కిందట నలుగురు కుర్రాళ్ళు తమకు "కుళ్ళు" అని పేరు పెట్టుకుని, ఒక టైర్ల దుకాణం వెనక గదిలో పైకప్పుకి ఒకే ఒక్క మైకు వేలాడదీసి, నాలుగు పాటలు రికార్డు చేశారు. ఆ క్యాసెట్టు పేరు "మొదటి పాతర". రెండో పాతర రాలేదు. డ్రమ్ములు ఖాళీ నూనె డబ్బాలు మెట్ల మీంచి దొర్లినట్టు వినిపిస్తాయి. గిటారు శ్రుతిలో ఉందో లేదో వాయించినవాడు కూడా పట్టించుకున్నట్టు లేదు. అట్ట మీద చేత్తో గీసిన పుర్రె ఉంది, దానికి కళ్ళు పెట్టి ఉండకపోతే బంగాళాదుంప అనుకోవచ్చు. కుర్రాళ్ళు ఎన్ని కాపీలు చేశారో కాని, ఇప్పుడు ఉన్నట్టు తెలిసినవి రెండే. ఒకటి ఇన్‌స్పెక్టరుగారి దగ్గర ఉంది. రెండోది వెనక వీధిలో మందుల షాపు పెట్టుకున్న ఆయన దగ్గర ఉంది.

ఇన్‌స్పెక్టరుగారు "మొదటి పాతర" మీద పన్నెండు పేజీల వ్యాసం రాశారు. దాని సారాంశం ఏమిటంటే, కుళ్ళు గొప్పతనమంతా నిదానంలో ఉంది. తక్కిన బ్యాండ్లన్నీ వేగం, వేగం అని కొట్టుకుపోతున్న రోజుల్లో ఈ నలుగురూ మోకాటి లోతు బురదలో నడిచారు. గాయకుడి గొంతు పాతాళం అట్టడుగు నుంచి వస్తుంది. రెండో పాటలో "గుమ్... గుమ్..." అంటూ ఒక చప్పుడు వస్తుంది, అది మృత్యువు తలుపు తట్టడం. ఈ ఒక్క చప్పుడుకే రెండు పేజీలు పోయాయి. గుంపంతా చదివి చప్పట్లు కొట్టింది.

ఒక్క మందుల షాపాయన మాత్రం, "నా దగ్గరున్న కాపీలో వీళ్ళు నిదానంగా ఏమీ లేరే. వెనక కుక్కలు తరుముతున్నట్టు వాయిస్తున్నారు," అని గుంపులో రాశాడు. ఇన్‌స్పెక్టరుగారు అందరి ముందూ జవాబిచ్చారు. "ముందు నీ టేప్ డెక్కు ఎక్కడైనా చూపించుకో. తర్వాత నీ చెవులు చూపించుకో." పాతికమందీ పడీపడీ నవ్వారు. మందుల షాపాయన గుంపులోంచి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ వీధిలో ఎదురుపడితే ఈయన నవ్వుతారు, ఆయన అటు తిరుగుతాడు.

ఇప్పుడు ఒక రికార్డు కంపెనీ ఓనరు "మొదటి పాతర"ను పెద్ద నల్ల రికార్డుగా మళ్ళీ తెస్తానన్నాడు. లోపల ఇన్‌స్పెక్టరుగారి వ్యాసం వేస్తానన్నాడు. కుళ్ళు గాయకుడి ఆచూకీ కూడా కనిపెట్టి, అనుమతి పత్రం మీద సంతకం కోసం వెంట తీసుకొస్తున్నాడు. ఉద్యోగమంతా తూకం రాళ్ళ మీద ప్రభుత్వ ముద్రలు కొట్టిన ఇన్‌స్పెక్టరుగారికి, తన పేరు అచ్చులో చూసుకోవాలన్నదే జీవితంలో మిగిలిన కోరిక. ఆ కోరిక ఆ మధ్యాహ్నం తీరాలి. తేడా వస్తే గుంపులో మళ్ళీ మొహం చూపించలేరు.

"వ్యాసం కాపీలు తీయించుకొస్తాను. ఆ గదిలోకి పురుగు కూడా వెళ్ళడానికి వీల్లేదు," అని చెప్పి ఆయన బజారుకి వెళ్ళారు.

వెళ్ళిన కాసేపటికే పురుగు కంటే పెద్దది వచ్చింది. ఆవిడ తమ్ముడు.

ఈ బావమరిది జిమ్ముల్లో ట్రెడ్‌మిల్లులు బాగుచేస్తాడు. ఊరికే కూర్చోవడం వాడి వంట్లో లేదు. ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళు తెచ్చేలోపే ఏదో ఒకటి విప్పేసి ఉంటాడు. విప్పినవాటిలో సగం బాగుపడతాయి. మిగతా సగం గురించి వాడు మాట్లాడడు.

"ఒరేయ్, మీ బావ గదిలో ఫ్యాను కిర్రుమంటోందిరా. గబుక్కున వెళ్ళి ఆ చప్పుడొక్కటీ ఆపి వచ్చెయ్. నువ్వు లోపలికెళ్ళావని మాత్రం ఆయనకి తెలియనివ్వకు," అంది అక్క.

ఫ్యాను పని అయిపోయింది. బల్ల మీద టేప్ డెక్కు కనిపించింది. మీట నొక్కి, చక్రాలు తిరిగే తీరు చూసి, బావమరిది గదిలోంచే కేకేశాడు.

"అక్కా, ఇదేంటే ఇంత నీరసంగా తిరుగుతోంది?"

"అది ఎప్పుడూ అంతేరా. నా పాటల క్యాసెట్టు పెడితే పాడేవిడ గొంతు మగాడి గొంతులా వచ్చేది. మీ బావనడిగితే, నీకు వినడం రాదన్నారు. నువ్వు దాన్ని ముట్టుకోకు!"

"ముట్టుకోనులే. చూస్తానంతే."

చూడడమంటే వాడి భాషలో నాలుగు మరలు విప్పడం. లోపల చక్రాన్ని తిప్పే రబ్బరు బెల్టు సాగిపోయి, వదులుగా వేలాడుతోంది. దాన్ని కత్తెరతో కోసి పారేసి, తన సంచిలోంచి వ్యాయామం సైకిలు మీటరుకి వాడే సన్న బెల్టొకటి తీసి బిగించాడు. బావ విని ఆశ్చర్యపోవాలని ఎవరికీ చెప్పలేదు. మూడింటికి ముందే మళ్ళీ వస్తానని అక్కకి చెప్పి వెళ్ళిపోయాడు.

ఇన్‌స్పెక్టరుగారు తిరిగి వచ్చి, భోజనం చేసి, చేతులు రెండుసార్లు కడుక్కుని, క్యాసెట్టు పెట్టి మీట నొక్కారు. బురద లేదు. పాతాళం లేదు. నలుగురు కుర్రాళ్ళు ఊపిరి తీసుకోకుండా పరిగెడుతున్నారు. గాయకుడి గొంతు కాలు కాలినవాడి కేకలా సన్నగా, ఎత్తున వస్తోంది. ఇన్‌స్పెక్టరుగారు డెక్కు మీదికి వంగారు. ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ పెట్టారు. మళ్ళీ అదే.

"ఏమేయ్! ఈ గదిలోకి ఎవరొచ్చారు?"

ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. ఫ్యాను సంగతి చెబితే తమ్ముడికి మూడుతుందని భయపడి, "ఎవరూ రాలేదండీ. మందుల షాపావిడ నా బీపీ మాత్రలిచ్చి వెళ్ళింది. గుమ్మంలోంచే వెళ్ళిపోయింది," అంది.

మందుల షాపావిడ! ఇన్‌స్పెక్టరుగారి బుర్ర చురుగ్గా పనిచేసింది. అది చురుగ్గా పనిచేసినప్పుడల్లా ఎవరో ఒకరికి కష్టమే. గబగబా పరిగెత్తే "మొదటి పాతర" లోకంలో ఒక్కటే ఉంది, అది మందుల షాపాయనది. ఇప్పుడు అది తన డెక్కులో ఉంది. కనుక తనది వాడి డెక్కులో ఉంది. ఇంత చక్కటి తర్కంలో ఎక్కడా లోపం కనిపించకపోయేసరికి ఆయన ఫోను తీశారు.

"మర్యాదగా నా టేపు నాకు పంపించెయ్."

"ఎవరండీ?"

"ఎవరో నీకు తెలుసు. మాత్రల వంకతో మీ ఆవిణ్ణి పంపి, నా క్యాసెట్టు మార్పించేశావు. ఇన్నేళ్ళు కుళ్ళుకుని కుళ్ళుకుని ఇంత పని చేస్తావనుకోలేదు."



"మా ఆవిడ వచ్చింది మీ ఆవిడకి బీపీ మాత్రలివ్వడానికి," అన్నాడు మందుల షాపాయన. "ఆ బీపీ ఎందుకొచ్చిందో నాకిప్పుడర్థమైంది. అక్కడే ఉండు, వస్తున్నా."

"ఏవండీ, అసలు సంగతేంటంటే..." అని భార్య అందుకోబోయింది.

"నువ్వు మాట్లాడకు. ఇది నీకర్థమయ్యే విషయం కాదు."

ఆవిడ నోరు మూసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అర్థం కాదన్నాక చెప్పడం దేనికని ఆవిడ ఉద్దేశం.

మందుల షాపాయన షాపు కోటుతోనే, చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. జేబులోంచి తన క్యాసెట్టు తీసి ఇన్‌స్పెక్టరుగారి ముక్కు ముందు ఊపాడు. అట్ట మీద బంగాళాదుంప పుర్రె, దాని నుదుటి మీద మందుల షాపు స్టాంపు ఉన్నాయి.

"ఇది నాది. నా దగ్గరే ఉంది. చూసుకో."

"మరి డెక్కులో ఉన్నదెవరిది?"

"నన్నడుగుతావేం? నీ డెక్కు, నీ క్యాసెట్టు."

తన క్యాసెట్టు పెట్టి మీట నొక్కాడు. అదే పరుగు, అవే కేకలు. మళ్ళీ ఇన్‌స్పెక్టరుగారిది పెట్టాడు. వెంట్రుకవాసి తేడా లేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మందుల షాపాయన మొహంలో నెమ్మదిగా ఏదో వెలిగింది. ఇన్‌స్పెక్టరుగారి మొహంలో ఏదో ఆరిపోయింది.

"అయితే ఇన్నాళ్ళూ నువ్వు విన్నది..." అని మందుల షాపాయన మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే బావమరిది చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు.

"ఎలా ఉంది బావా? గుర్రంలా పరిగెడుతోందా? బెల్టు మార్చేశా. పాతది ఒట్టి గోచీ గుడ్డలా అయిపోయింది. ఇన్నేళ్ళు దాంతో ఎలా విన్నావు బావా? అన్ని పాటలూ ఈడ్చుకుంటూ వచ్చేవి కావూ?"

మందుల షాపాయన నవ్వడం మొదలుపెట్టాడు. నిలబడి నవ్వాడు, గోడకి చేరబడి నవ్వాడు, చివరికి నేల మీద చతికిలబడి నవ్వాడు. ఇన్నేళ్ళుగా దాచుకున్న నవ్వు కావడంతో చాలాసేపు పట్టింది.

"బురదలో నడిచారన్నావు! పన్నెండు పేజీలు! సాగిపోయిన బెల్టు మీద పన్నెండు పేజీలు రాశావయ్యా!"

ఊళ్ళో ఏ కొట్లో తక్కెడ కాస్త వాలినా జరిమానా రాసే మనిషి, తన ఇంట్లో యంత్రం సరిగ్గా తిరుగుతోందో లేదో ఒక్కనాడూ చూసుకోలేదు. పైగా సరిగ్గా విన్నవాణ్ణి పట్టుకుని చెవులు చూపించుకోమన్నారు. ఈ ముక్క ఆయనకి అప్పుడు తోచిందా అంటే తోచలేదు. ఆయనకి తోచింది ఒక్కటే. ఇంకాసేపట్లో ఓనరు వస్తాడు, పరుగు వింటాడు, వ్యాసం చించేస్తాడు.

"పాత బెల్టు మళ్ళీ పెట్టెయ్," అన్నారు.

"ఎక్కడి పాతది బావా? కోసి పారేశాగా. ముక్కలు నీ చెత్తబుట్టలోనే ఉన్నాయి."

ఇన్‌స్పెక్టరుగారు ఇస్త్రీ చొక్కాతో చెత్తబుట్టలో చెయ్యి పెట్టి బెల్టు వెతికి తీశారు. బావమరిది దానికి ముడేసి బిగించాడు. నిదానం కొంచెం వచ్చింది కాని, ముడి చక్రం మీదికి వచ్చినప్పుడల్లా గాయకుడికి ఎక్కిళ్ళు రాసాగాయి. మూడో ఎక్కిలికి ముడి తెగిపోయింది. మళ్ళీ కొత్త బెల్టే బిగించాల్సి వచ్చింది.

"పోనీ ఇలా చేస్తే?" అని బావమరిది డెక్కు వెనక మూత తీసి, తిరుగుతున్న చక్రం మీద చూపుడువేలు ఆనించాడు. పాట ఒక్కసారిగా బరువెక్కింది. గొంతు పాతాళంలోకి దిగింది. బురద తిరిగి వచ్చింది.

"అదీ! అలాగే ఉంచు! వేలు తియ్యకు!" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాలుగు పాటలూనా బావా?"

"నీకు దణ్ణం పెడతా."

తూకం పళ్ళేన్ని వేలితో నొక్కినందుకు మొన్నటిదాకా కూరగాయలవాళ్ళ మీద కేసులు రాసిన చేతులు, ఇప్పుడు బావమరిది వేలికి దణ్ణం పెట్టాయి. బల్లను గోడ నుంచి ముందుకి జరిపారు. మీద ఓ దుప్పటి కప్పి, డెక్కు మొహం మాత్రం బయటికి ఉంచారు. దుప్పటి వెనక బావమరిది గొంతుక్కూర్చున్నాడు. మందుల షాపాయన లేచి వెళ్ళలేదు.

"నేనేం మాట్లాడను. ఓ మూల కూర్చుని చూస్తా. ఇలాంటిది మళ్ళీ దొరకదు," అన్నాడు. బతిమాలుకునే టైము లేదు. బెల్లు మోగింది.

కంపెనీ ఓనరుకి మీసాలు ఇంకా పూర్తిగా రాలేదు. నల్ల చొక్కా, నల్ల ప్యాంటు వేసుకుని, నల్ల గడియారం పెట్టుకున్నాడు. కంపెనీ అంతా వాడి పడగ్గదిలోని ఒక బీరువాలో ఉంటుంది. వాడి వెనక బూట్లు విప్పుకుంటూ వచ్చిన బట్టతల మనిషే కుళ్ళు గాయకుడు. ఇప్పుడు డ్రైవింగు స్కూలు నడుపుతున్నాడు. మనిషి మెత్తన, గొంతు మరీ సన్నం. గుమ్మంలో ఇన్‌స్పెక్టరుగారి భార్యకి నమస్కారం పెట్టి, "బండి గేటుకి అడ్డం పెట్టానమ్మా, పరవాలేదా?" అని అడిగాడు. పాతాళం నుంచి వస్తాడనుకున్న మనిషిని చూసి ఆవిడకి నవ్వొచ్చింది.

"ఈ క్యాసెట్టు విని ముప్పై ఏళ్ళయిందండీ," అన్నాడు గాయకుడు కుర్చీ అంచు మీద కూర్చుంటూ. "నా కాపీ మీద మా అమ్మ ఏవో పాటలు రికార్డు చేసేసుకుంది. ఇన్నాళ్ళకి వినబోతున్నానంటే రాత్రంతా నిద్ర పట్టలేదు."

ఇన్‌స్పెక్టరుగారు కర్టెన్లు వేశారు. వ్యాసం కాపీలు పంచారు. మీట నొక్కి, బల్ల కాలిని పాదంతో తట్టారు. దుప్పటి వెనక వేలు పని మొదలుపెట్టింది.

మొదటి పాట ఈడుస్తూ, మూలుగుతూ సాగింది. ఓనరు కళ్ళు మూసుకుని తల ఊపాడు. ఇన్‌స్పెక్టరుగారు మధ్యమధ్యలో వ్యాసంలోని ముక్కలు వినిపించారు. "ఈ బరువు గమనించండి. ఇదే తొందర మనిషి చేతిలో పడి ఉంటేనా, మొత్తం నాశనమయ్యేది." దుప్పటి కొంచెం కదిలింది. కాలిపోతున్న చూపుడువేలు తీసి మధ్యవేలు పెట్టే లోపు పాట ఒక్క గెంతు గెంతి మళ్ళీ బురదలో పడింది.

"ఆహా! ఊపిరి తీసి వదిలినట్టుంది. ఇలాంటిది ఇప్పటి వాళ్ళకి చేతకాదు సార్," అన్నాడు ఓనరు.

మూలనున్న మందుల షాపాయన షాపు కోటు అంచు నోట్లో కుక్కుకున్నాడు.

గాయకుడి మొహంలో మాత్రం సంతోషం లేదు. తల పక్కకి వంచి, తెలియని ఊళ్ళో బస్సు దిగినవాడిలా వింటున్నాడు. రెండో పాట నడుస్తుండగా అనుమతి పత్రం మడిచి, పెన్ను మూత పెట్టేశాడు.

"ఏమీ అనుకోకండి. ఇది మేము కాదండీ."

"అదేమిటి?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

"మేమిలా వాయించలేదు. ఈ గొంతు నాది కాదు. ఎవరిదో దాని మీద నా సంతకం ఎలా పెట్టను? మాది పోయినట్టుంది. పోనివ్వండి."

ఇన్‌స్పెక్టరుగారు లేచి నిలబడ్డారు. తగ్గి ఉంటే బాగుండేది. తగ్గడం ఆయనకి అలవాటు లేదు.

"మీరు ముప్పై ఏళ్ళ కిందట ఒక్కసారి పాడారు. నేను రోజూ వింటున్నాను. కుళ్ళు గురించి మీకెక్కువ తెలుసా, నాకెక్కువ తెలుసా?"

"పాడింది నేనేనండీ..."

"పాడినంత మాత్రాన తెలుస్తుందా? వినడమంటే వేరు. ఇదిగో, వినండి, ఇప్పుడొస్తుంది. మృత్యువు తలుపు తట్టడం."

గుమ్... గుమ్... మృత్యువు ఒకసారి తట్టింది, రెండోసారి తట్టింది. మూడోసారి తట్టబోతుండగా దుప్పటి వెనక నుంచి "అమ్మోయ్, కాలు పట్టేసిందే!" అని కేక వినిపించింది. వేలు చక్రం మీంచి జారిపోయింది.

పాట తాడు తెంచుకుంది. నూనె డబ్బాలు దడదడా దొర్లాయి. గిటారు వాటి వెంట పడింది. మృత్యువు దబదబా ఇనప షట్టర్ని బాదుతూ, "తలుపు తీయండ్రా వెధవల్లారా! నా షాపులో ఏం చేస్తున్నార్రా!" అని స్పష్టంగా అరిచింది.

గాయకుడు కుర్చీలోంచి గాల్లోకి లేచాడు.

"ఇదీ! ఇదీ మేమంటే! అది టైర్ల షాపాయన! భోజనానికెళ్ళి వచ్చేలోపు నాలుగు పాటలూ కొట్టెయ్యాలని మా పందెం! ఆయన ముందే వచ్చేశాడు! తలుపు బద్దలుకొడుతున్నాడు, మేం ఆపలేదు! అందుకే ఆ పరుగు!"

అంటూనే పాట అందుకున్నాడు. సన్నటి గొంతుతో, మెడ నరాలు తేలేలా, ఒక్క ముక్క అర్థం కాకుండా అరిచాడు. అరచేతులతో బల్ల మీద దరువు వేశాడు. గదిలో వెనకాముందూ చూడని కుర్రతనం ఒకటి వచ్చి తిరిగింది. వాయించడం రాకపోయినా భయపడలేదు, తన్నులు తప్పవని తెలిసినా ఆగలేదు, ఆ నలుగురూ. మందుల షాపాయన కోటు వదిలేసి తల ఊపాడు. గుమ్మంలో నిలబడ్డ ఇల్లాలు, ఇరవై ఏళ్ళుగా ఆ పాటని తిట్టుకున్న మనిషి, "ఇది బాగానే ఉందే," అంది. ఇన్‌స్పెక్టరుగారి పాదం కూడా తనంతట తాను దరువు వేయబోయింది. ఆయన మోకాలు పట్టుకుని దాన్ని ఆపారు.

పాట అయిపోయింది. ఓనరు లేచి దుప్పటి ఎత్తాడు. బావమరిది ఒక కాలు చాపుకుని, ఎర్రగా కందిన వేలు నోట్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఎవరు సార్ ఈయన?"

చెప్పే పని మందుల షాపాయన తీసుకున్నాడు. బెల్టు దగ్గర్నుంచి, చెవులు చూపించుకోమన్న దగ్గర్నుంచి, ఒక్కటీ వదలకుండా, ఆగి ఆగి, రుచి చూస్తూ చెప్పాడు. ఇన్‌స్పెక్టరుగారు కర్టెను అంచు పట్టుకుని కిటికీలోకి చూస్తూ నిలబడ్డారు. తన పేరు అచ్చులో చూసుకోవడం అయిపోయిందని ఆయనకి తెలిసిపోయింది. ఇంక గుంపుకి తెలియడమొక్కటే మిగిలింది.

ఓనరు అంతా విని, చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత వెళ్ళి బావమరిది ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అయితే ఇందాక మేం విన్న ఆ బరువు, ఆ ఊపిరి, అదంతా చేసింది మీరా?"

"నేనే. ఈ వేలితోనే."

"మళ్ళీ చెయ్యగలరా?"

"బర్నాల్ రాస్తే చేస్తా."

ఓనరు బావమరిది చేతిని, కందిన వేలికి తగలకుండా, రెండు చేతులతో పట్టుకున్నాడు. వ్యాసం చదివిన గుంపులో వాళ్ళు ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నది నిదానం కోసమే కాబట్టి, ఆ నిదానాన్ని వదులుకోవడం వాడికి ఇష్టం లేదు. అసలు పరుగు విన్నాక దాన్నీ వదులుకోలేడు. అక్కడికక్కడే తేల్చేశాడు. రికార్డుకి ఒక వైపు కుళ్ళు అసలు వేగంతో ఉంటుంది, దానికి మందుల షాపాయన నాలుగు మాటలు రాస్తాడు. రెండో వైపు వేలు ఉంటుంది.

"నాకు అభ్యంతరం లేదు," అన్నాడు గాయకుడు సంతకం పెడుతూ. "రెండో వైపు మాత్రం మా పేరు వెయ్యకండి. అది ఈ తమ్ముడి కష్టం."

ఇన్‌స్పెక్టరుగారు కిటికీ దగ్గర్నుంచి కదిలారు. ఓనరుని అడిగారు.

"మరి... నా వ్యాసం?"

"అది మొత్తం నిదానం గురించే కదా సార్. రెండో వైపుకి అచ్చంగా సరిపోతుంది. చిన్న మార్పు చేసుకుంటాం. మీకు సరేనా?"

"నా పేరు వస్తుందా?"

"పైనే వస్తుంది సార్. పెద్ద అక్షరాల్లో."

ఏ మార్పో అడగాలని ఆయనకి తోచలేదు. "అయితే వేసెయ్యండి," అన్నారు.

కొన్ని నెలలకి రికార్డు వచ్చింది. ఇన్‌స్పెక్టరుగారు కవరు చించి, లోపలి కాగితాలు తీసి, మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో తన పేరు చూసుకున్నారు. తర్వాత చదవడం మొదలుపెట్టారు. పన్నెండు పేజీలూ ఉన్నాయి. ఒక్క వాక్యం తియ్యలేదు, ఒక్క పొగడ్త తగ్గించలేదు. "కుళ్ళు" అని ఉన్నచోటల్లా బావమరిది పేరు వేశారు, అంతే.